మీకు తెలుసా? ఊయల కట్టని ఇళ్ళు

జపాన్‌లో 1975లో పుట్టిన ఆడవాళ్ళను ఓ వందమందిని తీసుకోండి. అందులో 28 మందికి పిల్లల్లేరు! ఒక్కరంటే ఒక్కరు కూడా! లెక్కలు దొరికే సంపన్న దేశాలన్నిటిలో ఇదే రికార్డు!

మరి వాళ్ళకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు, 1955లో పుట్టినవాళ్ళ సంగతి? అందులో సగం కూడా లేరు! ఇటలీలో ఇదే కథ. స్పెయిన్‌లో ఇదే కథ. పోలండ్, పోర్చుగల్ కూడా అంతే. ఇరవై ఏళ్ళ తేడాలో దాదాపు రెట్టింపు!

"కలికాలం, ఇప్పటి ఆడపిల్లలు మారిపోయారు" అని అప్పుడే నిట్టూర్చకండి! ఇటు చెవి పెట్టండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1920లో పుట్టిన ఆడవాళ్ళున్నారే, వాళ్ళలో నూటికి 21 మంది పిల్లల్లేకుండానే ఉండిపోయారు! అప్పటికి సెల్‌ఫోను లేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేదు, గర్భనిరోధక మాత్ర అసలే లేదు!

అదే దేశంలో 1946లో పుట్టినవాళ్ళలో? నూటికి 9 మందే! అంటే పెద్దవాళ్ళు "మా రోజుల్లో" అని మురిసిపోతారు చూడండి, ఆ రోజులే చరిత్రలో వింత! అందరికీ పెళ్ళిళ్ళు, అందరి ఇళ్ళలో పిల్లలు, అదీ ఒక్క తరం ముచ్చటే!

అమెరికా అమ్మమ్మల సంగతీ వినండి. 1900 తర్వాత తొలి పదేళ్ళలో పుట్టిన అమెరికన్ ఆడవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి పిల్లల్లేరు! సరిగ్గా కనాల్సిన వయసుకి ఉద్యోగాలు పోయాయి, బ్యాంకులు మూతబడ్డాయి. జేబు ఖాళీ అయితే ఉయ్యాల కూడా ఖాళీయే!

యుద్ధం ఏం చేసిందో తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1921లో బ్రిటన్‌లో జనాన్ని లెక్కపెట్టారు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు 17 లక్షలకు పైగా ఎక్కువ తేలారు! పెళ్ళికూతుళ్ళున్నారు, పెళ్ళికొడుకులు లేరు! పాపం, ఆ ఆడవాళ్ళను "మిగులు" అని పత్రికలు రాశాయి. ఎంత మాట!

మన దగ్గరా ఓ పాత లెక్క ఉంది! బాల్యంలోనే తాళి తెగిన పిల్లలకు మళ్ళీ పెళ్ళి లేదు కదా, ఇక పిల్లలెక్కడ? ఆచారం అనేది ఎంతమంది ఒడిని ఖాళీగా ఉంచేసిందో! ఆ గోడకు మన తెలుగునాట తొలి గండి 1881 డిసెంబరు 11న పడింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు వితంతు వివాహం జరిపించిన రోజది!

సరే, ఇప్పటి రోజులకు వద్దాం. జపాన్‌లో పెళ్ళి కాకుండా పిల్లలు పుట్టడం ఎంత అరుదో ఊహించండి. నూటికి ఇద్దరో ముగ్గురో! ఐస్‌లాండ్‌లోనో? నూటికి దాదాపు 70 మంది! అక్కడ పెళ్ళి ఆలస్యమైనా పాప ఆగదు. జపాన్‌లో పెళ్ళి ఆగితే అన్నీ ఆగినట్టే!

మరి ఆ పెళ్ళిళ్ళు అవుతున్నాయా? 1990లో యాభై ఏళ్ళు వచ్చినా పెళ్ళి కాని జపాన్ ఆడవాళ్ళు నూటికి నలుగురు. 2020 నాటికి 17.8 శాతం! మగవాళ్ళయితే మరీ, నూటికి 28 మంది! పిల్లలు వద్దనుకున్నది ఎందరో గానీ, పెళ్ళి దగ్గరే ఆగిపోయింది ఇంతమంది!

ఎందుకు ఆగిపోతున్నారు? ఒక అంకె చెబుతాను, పక్కనే ఆయన ఉంటే ఆయనకీ వినిపించండి. జపాన్ మగవాడు రోజుకు ఇంటి పనికి ఇచ్చే సమయం 41 నిమిషాలు! ఆడవాళ్ళు 224 నిమిషాలు! ఆఫీసులో చాకిరీ అయ్యాక ఇంట్లో ఇంకో ఉద్యోగం. జీతం లేనిది! ఏ అమ్మాయి ముచ్చటపడి ఒప్పుకుంటుంది చెప్పండి?

జపాన్ మగవాళ్ళను తిట్టడం అయిపోయిందా? ఇక మన వంతు! 2019లో మన దేశంలో జనం రోజంతా ఏం చేస్తారో సర్వే చేశారు. ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెట్టారు. అంటే ఒక్క నిమిషం తక్కువ ఐదు గంటలు! ఇంటి పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చెయ్యి పెట్టని మగవాళ్ళు ఈ లెక్కలోకే రారు! అత్తగార్లూ, వింటున్నారా?

డబ్బు సంగతి ఇంకా వింత! డెన్మార్క్ అంటే ఆడామగా సమానమని పేరున్న దేశం. అక్కడ కూడా మొదటి బిడ్డ పుట్టాక తల్లి సంపాదన దాదాపు 20 శాతం పడిపోతుంది. పడింది పడినట్టే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది! తండ్రి సంపాదన? చెక్కు చెదరదు!

ఐర్లండ్‌లో ఇంకో చోద్యం! ప్రభుత్వ ఉద్యోగం చేసే అమ్మాయికి పెళ్ళయితే ఉద్యోగం పోయేది! ఎప్పటి మాట అనుకున్నారు? 1973 దాకా! మనిషి చంద్రుడి మీద కాలు పెట్టొచ్చిన తర్వాత కూడా!

నవ్వకండి, మనదీ అదే బడి! భారత విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. ఆడ అధికారి పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలట! సంసారం పనికి అడ్డమనిపిస్తే రాజీనామా చెయ్యమనొచ్చట! మగ అధికారులకు మాత్రం ఆ తంటా లేదు. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనల్ని ఉతికి ఆరేశారు!

ఎయిర్ హోస్టెస్‌ల కథ అంతకన్నా ఘోరం. మొదటిసారి గర్భం వస్తే చాలు, ఉద్యోగం ఊడేది! ఎయిరిండియా నిబంధన అది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 1981లో! అప్పటిదాకా ఆకాశంలో ఎగరాలంటే అమ్మ కాకూడదు!

చదువుకున్న ఆడవాళ్ళే పిల్లల్ని కనడం మానేస్తున్నారని అనుకుంటున్నారా? అక్కడే పప్పులో కాలేశారు! అమెరికాలో డాక్టర్లూ పీహెచ్‌డీలూ అయిన ఆడవాళ్ళను చూడండి. 1994లో నలభై దాటినా పిల్లల్లేనివాళ్ళు 35 శాతం. 2014కి వచ్చేసరికి? 20 శాతమే! తగ్గింది! నిజంగా తగ్గింది! పెద్ద చదువుల వాళ్ళే మళ్ళీ ఉయ్యాలలు కొంటున్నారు!

జర్మనీది మరీ విచిత్రం. ఒకే దేశం, ఒకే భాష. 2012లో నలభై దాటిన జర్మన్ ఆడవాళ్ళలో 22 శాతం మందికి పిల్లల్లేరు. కానీ ఆ శాతం దేశమంతా ఒకటి కాదు! ఒకప్పటి తూర్పు జర్మనీ వైపు కన్నా పశ్చిమ జర్మనీ వైపు బాగా ఎక్కువ! డబ్బున్నదేమో పశ్చిమం. ఊరూరా పిల్లల్ని చూసుకునే శిశు కేంద్రాలున్నదేమో తూర్పు. ఏది గెలిచిందో చూశారా!

ఇప్పుడు ఒక రహస్యం. గొంతు తగ్గించి చెబుతున్నాను. నార్వేలో 45 ఏళ్ళు వచ్చినా పిల్లల్లేని ఆడవాళ్ళు నూటికి 13, 14 మంది. మగవాళ్ళు? నలుగురిలో ఒకరు! ఏ పెళ్ళిలో అయినా "ఇంకా ఏం లేదా?" అని ఎవరిని అడుగుతారు? ఆడమనిషినే!

మన జనాభా లెక్కలూ అంతే! 2011లో "ఎంతమంది పిల్లల్ని కన్నారు?" అన్న ప్రశ్న ఎవరికి వేశారో తెలుసా? పెళ్ళయిన ఆడవాళ్ళకు, వితంతువులకు, విడిపోయిన ఆడవాళ్ళకు. మగవాళ్ళకు వేసింది సున్నా! నూట ఇరవై కోట్ల జనాన్ని లెక్కపెట్టిన దేశం, పిల్లల్లేని మగవాళ్ళు ఎందరో లెక్కపెట్టలేదు! ఇది నాకైతే అన్నిటికన్నా పెద్ద చోద్యం.

డాక్టర్లు చెప్పేది వినండి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచీ లోపం ఉంటుంది! సగం! అయినా చెట్టుకు ముడుపు కట్టేది ఆవిడ, ఉపవాసాలు ఆవిడ, మాట పడేది ఆవిడ!

పిల్లలు కలగకపోవడం పట్నాల్లో డబ్బున్నవాళ్ళ జబ్బు అంటారు కొందరు. అబద్ధం! జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడేవాళ్ళు ప్రపంచంలో ఆరుగురిలో ఒకరని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ధనిక దేశాల్లోనూ, పేద దేశాల్లోనూ దాదాపు ఒకే తీరు! తేడా అంతా వైద్యం దొరకడంలోనే!

"కావాలనే వద్దనుకున్నారా?" అమెరికాలో ఈ ప్రశ్న వేసి చూశారు. యాభై దాటి పిల్లల్లేనివాళ్ళలో "వద్దనుకున్నాం" అన్నది 31 శాతమే! ఎక్కువమంది చెప్పిన జవాబు: అలా జరిగిపోయింది అంతే! యాభై లోపు వాళ్ళు, ఇక పిల్లల్ని కనకపోవచ్చు అన్నవాళ్ళు? వాళ్ళలో 57 శాతం మొహమాటం లేకుండా చెప్పేశారు, మాకు వద్దని!

హాంకాంగ్ లెక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి! అక్కడి కుటుంబ నియంత్రణ సంఘం 2022లో సర్వే చేసింది. పిల్లల్లేని ఆడవాళ్ళు 43 శాతం! ఐదేళ్ళ ముందు చేసిన సర్వేలో అందులో సగం కూడా లేరు. ఆ ఇరుకు ఫ్లాట్లలో మంచం వేశాక ఉయ్యాలకు చోటేదీ?

దక్షిణ కొరియాలో మొదటి బిడ్డ పుట్టేసరికి తల్లి వయసు సగటున 33! మన ఊళ్ళో ఆ వయసుకి పెద్దపిల్ల పదో తరగతి రాస్తున్న తల్లులు ఎందరు లేరు?

అదే కొరియాలో 2023లో ఒక ఆన్‌లైన్ అంగడి తన అమ్మకాలు చూసుకుని నోరెళ్ళబెట్టింది. అమ్ముడైన తోపుడు బండ్లలో 57 శాతం పిల్లలవి కావు. కుక్కలవి! అవును, కుక్కపిల్లల్ని కూర్చోబెట్టి తిప్పే బండ్లు!

2024లో బడులు తెరిచారు. కొరియాలో 157 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలెందరు? ఒక్కరూ లేరు! టీచరుంది, బల్లలున్నాయి, పలకా బలపం పట్టే చెయ్యి లేదు!

జపాన్‌లో ఓజి అనే పెద్ద కంపెనీ 2024లో ఏం చేసిందో తెలుసా? ఆ దేశంలో పసిపిల్లల డైపర్లు తయారుచెయ్యడం ఆపేసింది! ఇక ముసలివాళ్ళ డైపర్ల మీదే దృష్టి! బేరం ఎటు ఉందో వ్యాపారికి తెలియదా?

ఇక ఇది వినండి, నిద్ర పట్టదు! 1965లో జపాన్‌లో 18 లక్షల మంది పిల్లలు పుట్టారు. 1966లో 13.6 లక్షలే! యుద్ధం లేదు, కరువు లేదు. మరేమిటి? నమ్మకం! అరవై ఏళ్ళకోసారి వచ్చే "అగ్ని గుర్రం" ఏడాదిలో ఆడపిల్ల పుడితే మొగుణ్ణి మింగేస్తుందని! మన అరవై సంవత్సరాల చక్రంలో అదే పరాభవ. దాని తర్వాతి రాక ఎప్పుడంటారా? 2026లో!

అండాలను మంచులో దాచుకుని తర్వాత పిల్లల్ని కనొచ్చు, తెలుసు కదా? ఆ ఖర్చు కంపెనీయే పెట్టుకుంటే? 2014లో ఫేస్‌బుక్, ఆపిల్ అదే ప్రకటించాయి! ఒక్కొక్కరికి 20,000 డాలర్ల దాకా! బిడ్డ తర్వాత, ముందు పని! దీన్ని వరమందామా, వలందామా?

టోక్యో నగర ప్రభుత్వం ఊరుకుంటుందా? 2023 నుంచి తానే డబ్బిస్తోంది! అండాలు దాచుకునే అమ్మాయికి 3 లక్షల యెన్‌ల దాకా! ప్రభుత్వ సొమ్ము ఐస్‌గడ్డల్లోకి!

టెస్ట్‌ట్యూబ్ బిడ్డ అంటే ఇంగ్లండే గుర్తొస్తుంది. 1978 జూలై 25. మరి రెండో బిడ్డ ఎక్కడ పుట్టిందో తెలుసా? మన కోల్‌కతాలో! డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతుల మీదుగా! తేడా 70 రోజులే! పాపం, అప్పట్లో ఆయన మాట ఎవరూ నమ్మలేదు.

మన గుంటూరు తక్కువ తినలేదు! 2019 సెప్టెంబరులో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ అక్కడ కవల ఆడపిల్లల్ని కన్నారు! ప్రపంచమంతా గుంటూరు వైపు చూసింది. రెండేళ్ళు తిరిగేసరికి కేంద్రం చట్టం చేసింది. ఇక టెస్ట్‌ట్యూబ్ బిడ్డల చికిత్స ఆడవాళ్ళకు 50 లోపు వయసువాళ్ళకే. మగవాళ్ళకో? 55 దాకా ఫరవాలేదట! అక్కడా ఐదేళ్ళు కలిసొచ్చాయి వాళ్ళకి!

మన దేశంలో యాభైకి దగ్గరపడిన, కాపురం చేసుకుంటున్న ఆడవాళ్ళలో పిల్లల్లేనివాళ్ళెందరు? నూటికి ఇద్దరు ముగ్గురు! అంతే! జపాన్ 28 పక్కన పెట్టి చూడండి! కానీ వీళ్ళు పడే మాటలు మాత్రం ఆ 28 మందికి సరిపడా!

అయినా 2019-21 సర్వే నాటికే ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో ఆడమనిషికి సగటున పిల్లలు 1.7! ఇద్దరు కూడా లేరు! ఐరోపా దేశాల అంకె అది! తెలంగాణది 1.8. మరి ఐరోపాలో లాగా లేటు పెళ్ళిళ్ళా? వద్దనుకోవడమా? రెండూ కాదు!

అసలు గుట్టు ఇదిగో. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు! దేశంలోనే మొదటి స్థానం! ఇద్దరు పుట్టగానే ఆపరేషన్, ఇంటికి. మొగుళ్ళ ఆపరేషన్లు? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు!

ఇంకో అంకె చెబితే గుండె కలుక్కుమంటుంది. అదే ఆంధ్రలో అదే సర్వే నాటికి 20-24 ఏళ్ళ అమ్మాయిల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది! పిల్లల సంఖ్యలో ఐరోపా, పెళ్ళి వయసులో అమ్మమ్మల కాలం! రెండూ ఒకే ఇంట్లో! ఎంత చిత్రమైన కలబోత!

2024 ఏప్రిల్ 19. హైదరాబాద్ పక్కన చిలుకూరు బాలాజీ గుడి. పిల్లల్లేనివాళ్ళకు గరుడ ప్రసాదం ఇస్తారని మాట పాకింది. అంతే! పొద్దున్నే వేలకు వేల మంది! కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి! వచ్చినవాళ్ళలో ఐటీ ఉద్యోగులూ ఉన్నారు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నలుగురి నోట్లో నలగకుండా దాచుకున్న బాధ ఒక్క ఉదయంలో రోడ్డెక్కింది!

కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క ఏం చేశారో తెలుసా? పిల్లల్లేరని ఊరంతా అన్న మాటలు పడ్డారు. భర్తతో కలిసి రోడ్డు పక్కన మర్రి మొక్కలు నాటారు. బిందెలతో నీళ్ళు మోసి పెంచారు. ఒకటీ రెండూ కాదు, 385 మర్రి చెట్లు! 2019లో పద్మశ్రీ అందుకుంటూ రాష్ట్రపతి తల మీద చెయ్యి పెట్టి దీవించారు కూడా!

ఇక ప్రభుత్వాల వేషాలు చూద్దాం, అదీ తమాషాయే! మన ఆంధ్రలో ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం. ముప్ఫై ఏళ్ళు గడిచాయి. 2024లో అదే అసెంబ్లీ ఆ నిబంధనను చెత్తబుట్టలో వేసింది! నిన్న కనొద్దన్నారు, నేడు కనండి అంటున్నారు!

హంగరీలో నలుగురిని కన్న తల్లికి ఆదాయపు పన్ను లేదు! ఒక ఏడాదికి కాదు, జీవితాంతం! 2020 నుంచి అమలు. అయినా అక్కడ జననాలు మళ్ళీ జారిపోతున్నాయి!

కొరియాలో బూయంగ్ అనే నిర్మాణ సంస్థ ఉద్యోగికి బిడ్డ పుడితే ఇచ్చే కానుక ఎంతో తెలుసా? 10 కోట్ల వోన్‌లు! మన లెక్కలో 60 లక్షలకు అటూ ఇటూ! బారసాల అంటే అదీ!

రష్యా దారి వేరు. "పిల్లలు లేకుండా హాయిగా ఉందాం" అని ప్రచారం చేస్తే జరిమానా! 2024 నవంబరులో చట్టం చేశారు. సంస్థలకైతే 50 లక్షల రూబుళ్ళ దాకా! నోరు మూయించారు సరే, ఉయ్యాల ఊగుతుందా?

వాళ్ళ తాతలు ఇంకా ఘనులు! 1941లో సోవియట్ ప్రభుత్వం పిల్లల్లేనివాళ్ళ మీద పన్ను వేసింది. జీతంలో 6 శాతం కోత! మగవాళ్ళందరికీ ఉంది. ఆడవాళ్ళలో మాత్రం పెళ్ళయినవాళ్ళకే! సోవియట్ యూనియన్ కూలేదాకా దాదాపు అర్ధ శతాబ్దం వసూలు చేశారు!

అసలు ఈ ఆలోచన ఎంత పాతదో వింటే పడిపోతారు! క్రీ.శ. 9లో రోమ్ చక్రవర్తి అగస్టస్ ఒక చట్టం తెచ్చాడు. పెళ్ళి చేసుకోనివాళ్ళకూ, పిల్లల్లేనివాళ్ళకూ ఆస్తి వారసత్వంలో కోతలు! ఆ చట్టానికి అప్పటి ఇద్దరు కాన్సుల్స్ పేరే పెట్టారు, పాపియస్, పొప్పేయస్ అని. ఆ ఇద్దరికీ పెళ్ళి కాలేదు! పిల్లలూ లేరు!